దేవమాలికి ఇద్దరం, 125 సీసీ బండి: ఏం వదిలెయ్యాలి?

పర్లాకిమిడి_125
డిసెంబర్‌లో నేనూ మా ఆవిడా గుణుపురం, రాయగడ, లక్ష్మీపురం మీదుగా ఒడిశాలోని దేవమాలి కొండకి వెళ్దామనుకుంటున్నాం. మూడు రోజులు. పోయినసారి మహేంద్రగిరికి సీటు వెనక పెద్ద బ్యాగు కట్టాను. ఘాట్ ఎక్కుతుంటే హ్యాండిల్ తేలిపోయింది, మలుపుల్లో బండి నా మాట వినలేదు. ఇంటికొచ్చి చూస్తే సగం బట్టలు మడత విప్పనేలేదు. మీరంతా ఎలా సర్దుతారు?

రాయగడ_ఘాట్
అన్నా, ఎంత బరువో చూసుకున్నట్టే ఎక్కడ పెట్టామో కూడా చూసుకోవాలి. వదినగారు కూర్చున్నాక, వెనక ఇరుసు దాటి ఏం కట్టినా ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. అందుకే ఎత్తు మీద హ్యాండిల్ తేలింది. టూల్స్, నీళ్లసీసా ట్యాంకు బ్యాగులోకి, బట్టలు రెండు పక్కలా కిందికి వేలాడే సంచుల్లోకి సమంగా పంచండి. మాన్యువల్‌లో రాసిన లోడ్‌లో మీ ఇద్దరి బరువూ కలిసే ఉంటుంది. వెనక టైరు గాలి ఇద్దరికి ఎంతో చూసి, చల్లగా ఉన్నప్పుడే పట్టించండి.

బరంపురం_నుంచి
జీన్స్ ఒంటి మీద ఉన్నది చాలు, రెండోది వద్దు. తడిస్తే కొండ మీద చలికి మర్నాటికి కూడా ఆరదు. పల్చటి పాలిస్టర్ టీషర్టులు రెండు చాలు, రాత్రి ఉతికితే పొద్దున్నకి వేసుకోవచ్చు. లావు జాకెట్ బదులు స్వెటర్, దాని మీద రెయిన్‌కోటు వెయ్యండి. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తు, పొద్దున గాలి కోసేస్తుంది. రెయిన్‌కోటు ఆ గాలిని ఆపుతుంది, వాన పడితే వానకీ అదే. టర్కీ టవల్ పెట్టుకోకండి, గాముచా (పల్చటి నూలు తువ్వాలు) ఒక్కటి చాలు.

జయపురం_బుల్లెట్
ట్యూబ్ టైరైతే కొత్త ట్యూబు తప్పకుండా పెట్టుకోండి. పంక్చర్ షాపు దొరికినా మీ సైజు ట్యూబు ఉంటుందని చెప్పలేం. క్లచ్ కేబుల్ కూడా అంతే. సబ్బు, పేస్టు, చెప్పులు సంతలో కూడా దొరుకుతాయి, వాటిని మొయ్యకండి.
ఇంకో మాట. హుక్కుల రబ్బరు తాడుతో కట్టకండి. మా తమ్ముడి బండికి ఒకటి జారి చైన్‌లో చుట్టుకుంది. వెనక చక్రం బిగుసుకుపోయి ఇద్దరూ పడ్డారు. బకిల్ ఉన్న బెల్టులే వాడండి, మిగిలిన కొస లోపలికి దోపండి.

వెనక_సీటు_అక్క
వెనక కూర్చునేదాన్ని నేను, నా మాట కూడా వినండి. బ్యాగు ఆవిడ భుజాలకి తగిలించకండి తమ్ముడూ. రెండు గంటలకే మెడ పట్టేస్తుంది, గుంతల్లో వెనక్కి లాగేస్తుంది. బరువు తగ్గించే హడావిడిలో ఆవిడ ప్యాడ్లు, మందులు మాత్రం తీసెయ్యకండి. దోమల క్రీమ్ కూడా ఉంచండి, మన అడవి ఊళ్లలో మలేరియా భయం ఉంది.

పర్లాకిమిడి_125
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ అంతా విప్పి మళ్లీ సర్దాం. కిరాణా కొట్టు కాటా మీద పెడితే 7 కిలోలు వచ్చింది, పోయినసారి 16. మా ఆవిడ కాళ్లకి సంచులు తగలకుండా బెల్టులు ఇంకాస్త పైకి లాగాలి. ఈ ఆదివారం ఇదే సామానుతో ఇద్దరం గుణుపురం దాకా వెళ్లొచ్చి, ఎలా ఉందో రాస్తాను.