టైటస్ సాల్ట్‌ను ‘దాత’ అనాలా, ‘వదాన్యుడు’ అనాలా?

ప్రశ్న: విక్టోరియా రాణి కాలంలో యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లు నడిపిన టైటస్ సాల్ట్ (1803–1876) గురించి వ్యాసం రాస్తున్నాను. కార్మికుల కోసం ఒక ఊరినే కట్టించిన మనిషిని ‘దాత’ అంటే మాట చాలడం లేదు. ‘వదాన్యుడు’ అనవచ్చునా?

సమాధానం: అమరకోశం ‘స్యుర్వదాన్యస్థూలలక్ష్యదానశౌండా బహుప్రదే’ అని ఆ మాటకు మిక్కిలిగా ఇచ్చేవాడనే అర్థం చెప్పి, నానార్థవర్గంలో ఇంపుగా మాట్లాడేవాడనే అర్థాన్ని కూడా చేర్చింది. ఈ రెండో అర్థం సాల్ట్‌కు బొత్తిగా కుదరదు. ఆయన మితభాషి, 1859లో బ్రాడ్‌ఫర్డ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, రెండేళ్లకే తప్పుకున్నాడు.

నా అసలు అభ్యంతరం మొదటి అర్థం మీదే. లివర్‌పూల్ గోదాములో అడిగే దిక్కులేక పడివున్న అల్పాకా ఉన్నిని 1836లో కొని, దానిని నూలు పడుగుతో కలిపి మెరిసే బట్టగా నేయించి ఆయన ధనవంతుడయ్యాడు. తన యాభయ్యో పుట్టినరోజున, 1853 సెప్టెంబరు 20న, బ్రాడ్‌ఫర్డ్ పొగకు దూరంగా కొత్త మిల్లు తెరిచి, దాని చుట్టూ ఎనిమిది వందలకు పైగా ఇళ్లు, ఆసుపత్రి, బడి, స్నానశాలలు, బట్టలుతికే శాల, వృద్ధులకు 45 ఇళ్లు కట్టించాడు. అయితే కార్మికులు తమ ఇళ్లకు అద్దె చెల్లించేవారు. తన హక్కును వదులుకొని ఎదుటివాడికి ఆ హక్కు కలిగించడమే దానమని ధర్మశాస్త్రకారుల నిర్వచనం కనుక, ఆ ఇళ్లను దానమనలేము. సొంత ఖర్చుతో కట్టించిన చర్చి దగ్గర మాత్రం ‘దాత’ అనడానికి నాకు అభ్యంతరం లేదు.

నేనైతే ‘పోషకుడు’ అంటాను. మన సాహితీ సంస్థల ఆహ్వానపత్రాల్లో ‘రాజపోషకులు’ అని చందా మొత్తాన్ని బట్టి వేసే బిరుదుగా ఆ మాట పలచబడింది గాని, పోషించేవాడికి పోషితుల మీద పెత్తనం కూడా ఉంటుందనే ధ్వని అందులో ఇంకా మిగిలే ఉంది. ఆ ఊళ్లో ఆయన సారాయి దుకాణం పెట్టనివ్వలేదు; వీధుల్లో బట్టలు ఆరవేయడం ఆయనకు గిట్టేది కాదు; వీధులకు భార్య కెరొలైన్ పేరు, పిల్లల పేర్లు పెట్టాడు. ఇంత పెత్తనాన్ని ‘వదాన్యుడు’ అనే మాట కప్పివేస్తుంది.

ప్రశ్న: మరి ‘సాల్టెయిర్’ అనే ఊరి పేరును అనువదించవచ్చునా?

సమాధానం: వద్దు. అది ఆయన ఇంటిపేరుకు, పక్కనే పారే ఎయిర్ నది పేరు చేర్చి పెట్టినది. మన ‘ఏరు’కూ ఆ నది పేరుకూ చుట్టరికం లేకపోయినా చెవికి దగ్గరగానే వినిపిస్తాయి కాబట్టి, అనువదించబోతే ‘ఉప్పుటేరు’ అవుతుంది, పాఠకుడు నేరుగా కొల్లేటికి వెళ్లిపోతాడు.