ఇంటి చదువు: ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఎంతసేపు, ఏది, ఎలా?

పలకాబలపం
ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నవాళ్లని అడుగుతున్నానండీ. ఏడెనిమిదేళ్లవాళ్లని రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలి? తెలుగు చదవడం దగ్గర, రెండంకెల తీసివేతల దగ్గర పిల్లలు ఆగిపోతుంటారు కదా, వాటికి ఏం చేయాలో వివరంగా రాయండి. పదో తరగతి పరీక్ష దారి కూడా తెలిస్తే చెప్పండి.

గోదారిగట్టు
కూర్చోబెట్టి చెప్పేది రెండు గంటలు దాటక్కర్లేదండీ, అదీ ఇరవయ్యేసి నిమిషాల చొప్పున. బడిలో ఆరు గంటలు ఉంటారు కాబట్టి ఇంట్లోనూ ఆరు గంటలు కావాలనుకుంటే గొడవ అక్కడే మొదలవుతుంది. బడిలో ఆ సమయం తరగతి మొత్తానికి పంచాలి, ఇక్కడ ఉన్నది ఒక్కరే. ఆపాల్సింది విసుగొచ్చాక కాదు, "ఇంకొక్కటి" అని అడుగుతున్నప్పుడు. మర్నాడు వాళ్లే పుస్తకం తెస్తారు.

తెలుగు సంగతి. అచ్చులన్నీ, హల్లులన్నీ, ఆపైన ఒక్కో హల్లుకీ గుణింతం బట్టీ పట్టిస్తే నెలలు గడిచినా చదవడానికి ఒక్క మాట ఉండదు. ముందు ర, గ, డ, ద, ప, వ, ల, త, క, న, మ నేర్పండి. వీటితోనే తల, వల, పలక, పడవ, గడప, నగ వచ్చేస్తాయి. తర్వాత వారానికి ఒక్క గుర్తు: దీర్ఘంతో తాత, మామ, పాప, కాకర, గుడితో గిలక, మిడత. ఆ వారం అదే గుర్తు, అన్ని హల్లుల మీదా.

తడబడే చోటు ఒకటుంది. కొ, గొ, తొ చక్కగా చదివే పిల్లలు "మొక్క"ని "మెక్క" అంటారు. తప్పు వాళ్లది కాదు. కొ మీద ఒత్వం ఒకే గీత. మొ రాసేటప్పుడు మీద ఎత్వం, పక్కన కొమ్ము. కంటికి ముందు "మె" కనపడుతుంది, అదే పలుకుతారు. మొ, యొ, ఘొ ఒక జట్టు అని విడిగా చెప్పి, మొలక, మొసలి, మొక్క అట్టముక్కల మీద పెద్దగా రాసి గోడకి అంటించండి.

వత్తుల్లో, హల్లునే పోలినవి ముందు: అగ్గి, లడ్డు, ముద్ద, అప్పడం. రూపు మారిపోయే త, న, మ, య, ర, ల వత్తులు తర్వాత. అమ్మ, అన్న మాత్రం మొదటిరోజు నుంచే మాట మొత్తంగా గుర్తుపట్టేస్తారు, పట్టనివ్వండి.

లెక్కలపెట్టె
తీసివేతకి కొబ్బరి చీపురు పుల్లలు వందా, రబ్బరు బ్యాండ్లు పదీ ఉంటే చాలు. పుల్లల్ని జానెడు ముక్కలు చేసి పదేసి కట్టండి.

52 నుంచి 27 తీయమంటే చాలామంది 35 రాస్తారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసి 5 వేస్తారు, తర్వాత 5లోంచి 2 పోతే 3. కొట్టేసి "అప్పు తెచ్చుకో" అంటే ఎవరి దగ్గర, ఎందుకు అన్నది తెలియదు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి ఏడు పుల్లలు ఇమ్మనండి. చేతిలో రెండే ఉన్నాయి, కట్ట విప్పక తప్పదు. విప్పితే పన్నెండు. ఏడు ఇస్తే ఐదు, నాలుగు కట్టల్లో రెండు ఇస్తే రెండు. ఇరవై ఐదు. రబ్బరు బ్యాండు వాళ్ల చేతుల్తోనే తీయాలి, మీరు తీసి చూపిస్తే లాభం లేదు. రెండు వారాలు పుల్లలతో మాత్రమే, మూడో వారం పుల్లలు పెట్టుకుంటూనే కాగితం మీద, ఆ తర్వాత పుల్లలు లేకుండా. చేసిన ప్రతి తీసివేతకీ 25 + 27 కలిపి 52 వచ్చిందో లేదో సరిచూసుకోమనండి, దిద్దే పని మీకు తప్పుతుంది.

ఇలాంటి వాటిలో నాకు బాగా నచ్చేది 500 – 268. వందేసి పుల్లల కట్టలు ఐదింటిలో ఒకటి విప్పాలి, అందులోంచి ఒక పదుల కట్టా విప్పాలి. సున్నాల మీద ఎందుకు 9, 10 వేస్తామో అప్పుడు కళ్లకి కడుతుంది.

వంటింటిబడి
నిష్పత్తికి ఇడ్లీపిండి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ఒకటిన్నర గ్లాసు పప్పు పోస్తే రవ్వ ఎంత? ఐదు గ్లాసుల రవ్వే ఉంటే పప్పు ఎంత? రెండో ప్రశ్న దగ్గర అరగ్లాసు తేవాలి, భిన్నం అక్కడే మొదలు.

మందార రేకులు నాలుగు వేడినీళ్లలో నానబెట్టిన రంగునీళ్లలో నిమ్మరసం వేస్తే ఎర్రబడుతుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చగా మారుతుంది. పసుపు మరక మీద సబ్బు రాస్తే ఎర్రబడడమూ అదే కోవ.

నీడగడియారం
ఒక పుల్ల నిలువుగా పాతి, 11:30 నుంచి ఒంటిగంట వరకు పది నిమిషాలకోసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టించండి. అతి చిన్న నీడ సరిగ్గా 12కి రాదు. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున పదహారు నిమిషాలు ఆలస్యం. రోజుని బట్టి ఇది అటూఇటూ అవుతుంది, అందుకే ఒక్కరోజుతో ఆపకండి. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం నీడ పుల్ల కిందకే వచ్చేస్తుంది.

కాగితాలపని
పరీక్ష దారి: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే నియోస్. పదికి పద్నాలుగేళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో భాష ఒకటైనా. పాస్ మార్కు 33 శాతం, ప్రాక్టికల్ ఉన్నచోట థియరీలోనూ ప్రాక్టికల్లోనూ విడివిడిగా రావాలి. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు. సబ్జెక్టులు విడతలవారీగా రాసుకోవచ్చు. ఇంటి నుంచి రాసి పంపే అసైన్‌మెంట్లకి 20 శాతం వెయిటేజీ, గడువు దాటనివ్వకండి. ఇంటర్లో ఎంపీసీ అనుకుంటే గణితం, సైన్సు తప్పక పెట్టండి. మన రాష్ట్రాల ఓపెన్ స్కూళ్ల పది కూడా ఉంది.

పలకాబలపం
చాలా సంతోషం అండీ. మధ్యలో బడిలో వేయాల్సి వస్తే టీసీ లేదని తిప్పి పంపరా?

కాగితాలపని
2009 విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటి బడిలో చేరని పిల్లలకి వయసుకు తగ్గ తరగతిలో ప్రవేశం ఇవ్వాలి. ఆ సెక్షన్ నకలు, నెలవారీగా పిల్లల రాత పేజీలు ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. ఒక్క మాట: జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగానా అన్నది ఇప్పుడే చూసుకోండి. ఆధార్‌లో వేరేగా ఉంటే నమోదుకి ముందే సరిచేయించాలి. మార్కుల జాబితా మీద ఎక్కాక మార్పించడం పెద్ద తిరుగుడు.