సర్వనామం అడిగితే నా పేరు రాశాను: ఈ ‘ప్రొ’, ‘ప్రె’ గొడవేంటండీ?

ఫ్రెంచ్ నేర్చుకుంటున్నాను. మొన్న పరీక్షలో ఖాళీ దగ్గర సర్వనామం రాయమంటే చక్కగా నా పేరు రాసొచ్చాను! ‘ప్రొనోఁ’ సర్వనామం, ‘ప్రెనోఁ’ ఏమో ఇంటిపేరు కాకుండా మనల్ని పిలిచే పేరు. రొమేనియన్‌లోనూ ఇదే తంటా: ప్రొనుమె, ప్రెనుమె. స్పానిష్ ‘ప్రొనోంబ్రె’, ఇటాలియన్ ‘ప్రొనోమె’ కూడా లాటిన్ ‘ప్రోనోమెన్’ పిల్లలే. నామానికి బదులు వచ్చేదని అర్థం. అదీ గ్రీకు మాటకు నకలే. (మన పాణిని మాత్రం ‘సర్వ’ మొదలైన పదాల జాబితాను బట్టి సర్వనామం అన్నాడు, బదులు ఊసే లేదు.)

అసలు సందేహం డచ్‌లో. ‘ఫోర్‌నామ్’ అంటే పేరు, ‘ఫోర్‌నామ్‌వోర్ట్’ అంటే సర్వనామం. రెండింట్లో ‘ఫోర్’ ఒకటేనా, లేక ఒకచోట ‘ముందు’, ఇంకోచోట ‘బదులు’ అనా? డచ్ వచ్చినవాళ్లు ఎవరైనా కాస్త విడమర్చి చెప్పరూ?