సెల్ఫ్ కొడుతోంది గానీ డీజిల్ కారు స్టార్ట్ కావడం లేదు: ఇంజెక్టర్లు విప్పించాలా?

ప్రశ్న (హాలియా, నల్లగొండ జిల్లా)

మిత్రులందరికీ నమస్కారం. నా దగ్గర 2013 నాటి 1.3 లీటర్ల కామన్ రైల్ డీజిల్ కారు ఉంది. ఇప్పటికి 1,42,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న అమావాస్యకు చెర్వుగట్టు వెళ్లి రాత్రి పదింటికి ఇల్లు చేరేదాకా బండి ఏ ఇబ్బందీ పెట్టలేదు. తెల్లవారి తాళం తిప్పితే సెల్ఫ్ బలంగానే కొడుతోంది గానీ ఇంజిన్ అందుకోవడం లేదు.

రెండు మూడు వారాలుగా పొద్దున మొదటిసారి మాత్రం నాలుగైదు సెకన్లు ఎక్కువ తిప్పవలసి వచ్చేది. ఆ తర్వాత రోజంతా ఒక్కసారికే స్టార్ట్ అయ్యేది కనుక నేను పట్టించుకోలేదు. బ్యాటరీ వేయించి ఆరు నెలలే అయింది, ట్యాంకులో సగానికి పైగా డీజిల్ ఉంది. నెల కిందట ఇంజిన్ ఆయిల్‌తో పాటు డీజిల్ ఫిల్టర్ కూడా మార్పించాను. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ మా అబ్బాయిని వెనక నిలబెట్టి సైలెన్సర్ చూడమంటే తెల్ల పొగ గానీ నల్ల పొగ గానీ అసలు రావడం లేదన్నాడు.

ఇక్కడి మెకానిక్ ఒకరు వచ్చి పది నిమిషాలు చూసి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ విప్పి హైదరాబాద్ పంపాలనీ, ముప్పై వేల దాకా ఖర్చవుతుందనీ అంటున్నారు. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ అయితే పెట్టలేదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు దగ్గర పడిన ఈ సమయంలో అంత డబ్బు పెట్టే ముందు, ఇంట్లోనే చూసుకోదగినవి ఏమైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం (సూర్యాపేట)

నాకు రెండేళ్ల కిందట ఇలాగే జరిగింది, అయితే మాది బండి వేడెక్కిన తర్వాత ఆగిపోయి, గంటసేపు చల్లారితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. చివరికి, ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సార్ మార్చితే సరిపోయింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటర్‌లో ఆర్‌పీఎం ముల్లు కొద్దిగానైనా లేస్తోందో లేదో చూడండి. లేవకుండా సున్నా మీదే ఉంటే మీది కూడా అదే కావచ్చు. అత్యవసరమైతే దుకాణాల్లో దొరికే స్టార్టింగ్ స్ప్రేను ఎయిర్ ఫిల్టర్‌లో కొట్టి చూడవచ్చు.

సమాధానం (జడ్చర్ల, డీజిల్ మెకానిక్)

ముందుగా పై మిత్రుని చివరి మాట గురించి చెప్పాలి. దయచేసి స్ప్రే కొట్టకండి. అందులో ఉండేది ఈథర్. డీజిల్ ఇంజిన్‌లో సిలిండర్లను ముందుగా వేడెక్కించే గ్లో ప్లగ్గులు ఎర్రగా కాలి ఉండగా అది లోపలికి వెళితే పిస్టన్ పైకి రాకముందే పేలి, పిస్టన్‌ను గానీ కనెక్టింగ్ రాడ్‌ను గానీ దెబ్బతీస్తుంది. క్రాంక్ సెన్సార్ విషయంలో మాత్రం వారు చెప్పినది సరైన పరీక్షే.

ఇక మీ సంగతి. పొగ అసలు రావడం లేదన్న ఒక్క మాటతోనే సగం దారి తేలిపోయింది. తెల్ల పొగ వస్తూ స్టార్ట్ కాకపోతే డీజిల్ సిలిండర్లలోకి వెళుతోంది గానీ మండడం లేదని అర్థం, అప్పుడు కంప్రెషన్‌నో గ్లో ప్లగ్గులనో అనుమానించాలి. (మన నల్లగొండ, పాలమూరు ఎండల్లో గ్లో ప్లగ్గులు నాలుగూ పోయినా బండి ఎలాగోలా అందుకుంటుంది, వాటి మీద డబ్బు పెట్టే తొందర అక్కరలేదు.) పొగే లేదంటే డీజిల్ లోపలికి వెళ్లడం లేదన్నమాట. కామన్ రైల్ బండిలో నాలుగు ఇంజెక్టర్లకూ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టాన్నే రైల్ అంటాం. ఆ రైల్ ప్రెషర్ ఒక హద్దుకు, సుమారు 200 నుంచి 250 బార్లకు, చేరేదాకా కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. కనుక ఇంజెక్టర్లు ఎంత బాగున్నా రైల్‌లో ప్రెషర్ లేకపోతే సెల్ఫ్ మోటారు వేడెక్కడం తప్ప మరేమీ జరగదు.

ఆ ప్రెషర్ రాకపోవడానికి ప్రధానంగా మూడు దారులు ఉంటాయి. ట్యాంకు నుంచి హై ప్రెషర్ పంపు దాకా డీజిల్ సరిగా రాకపోవచ్చు, పంపు మీది రెగ్యులేటర్ గానీ పంపు గానీ అరిగిపోయి ఉండవచ్చు, లేదా ఏదో ఒక ఇంజెక్టర్ అరిగి, వచ్చిన డీజిల్‌నంతా ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపులోకి వదిలేస్తూ ఉండవచ్చు. మీ మెకానిక్ మూడో దానికే నేరుగా వెళ్లారు. ఆయన అనుమానం తప్పని నేను అనను, కానీ మొదటిది చూడకుండా మూడోదానికి వెళ్లడం నాకు నచ్చదు. మొదటిదాన్ని చూడడానికి అరగంట సమయమూ ఒక గుడ్డముక్కా చాలు.

మీరు చెప్పిన వాటిలో నన్ను ఆపినది నెల కిందట మార్చిన ఫిల్టర్. మీ బండిలో ఫిల్టర్ పంపు పీల్చుకునే వైపు ఉంటే, దాని మూత దగ్గరి ఓ-రింగు (రబ్బరు వలయం) సరిగా కూర్చోనప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే పైకి తడి కనిపించదు, ఎవరికీ అనుమానం రాదు. బండి నిలిచిన కొన్ని గంటల్లో పైపులోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున ఎక్కువసేపు తిప్పవలసి రావడం, ఆ తర్వాత రోజంతా బాగుండడం ఆ జాతి లక్షణమే. ఆయిల్ ఇంజిన్‌కు ఎయిర్ పట్టడం రైతులకు తెలియనిది కాదు, ఇదీ అదే.

ఒక్క ప్రశ్న: రాత్రిపూట బండిని ఎక్కడ నిలుపుతారు? ముందు భాగం ఎత్తుగా ఉండేలా ర్యాంపు మీద నిలుపుతారా?

ఫిల్టర్ మీద చేతి పంపు ఉంటే ఒత్తి చూడండి. ఇరవై ముప్పై సార్లు ఒత్తినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది. ఫిల్టర్ నుంచి పంపుకు వెళ్లే గొట్టం స్థానంలో అడుగు పొడవు పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా బిగించి సెల్ఫ్ కొడితే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఫిల్టర్ అడుగున ఉండే స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి కొద్దిగా డీజిల్ పట్టండి, నీళ్లుంటే పది నిమిషాల్లో అడుగుకు చేరతాయి. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో నిమిషం విరామం ఇవ్వండి. పాత జీపులకూ ట్రాక్టర్లకూ నాజిల్ పైపులు వదులు చేసి ఎయిర్ తీసినట్టు ఈ బండికి మాత్రం చేయవద్దు. ఆ ప్రెషర్‌తో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది, అలాంటి గాయం వేలినే తీయించే దాకా వెళ్లవచ్చు.

ఎవరి దగ్గరైనా ఓబీడీ స్కానర్ దొరికితే సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చదవండి. కొన్ని ఫోన్ యాప్‌లు కిలోపాస్కల్‌లలో చూపిస్తాయి. అక్కడ 25,000 అంటే మన 250 బార్లు.

ప్రశ్న వేసినవారు (హాలియా)

అన్నగారూ, మీరు ర్యాంపు గురించి అడిగినప్పుడు మా ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా గేటు ముందు ర్యాంపు ఏటవాలుగా ఉంటుంది, బండి ముందు భాగం రెండడుగులు ఎత్తులో నిలుస్తుంది. పొలం దగ్గర చదునుగా నిలిపిన రాత్రుల్లో పొద్దున ఇబ్బంది తక్కువగా ఉండేదని ఇప్పుడు ఆలోచిస్తే గుర్తుకు వస్తోంది.

ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది. పక్క ఊరి మిత్రుని స్కానర్ పెడితే పి 0087 కోడ్ వచ్చింది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైల్ ప్రెషర్ 60, 70 బార్ల దగ్గరే ఆగిపోతోంది. చేతి పంపు నలభై సార్లు ఒత్తినా మెత్తగానే ఉంది. సీసాలో నీళ్లేమీ కనిపించలేదు. మరి ఫిల్టర్ మూత విప్పనా?

సమాధానం (జడ్చర్ల)

విప్పండి. రైల్ ప్రెషర్ తక్కువగా ఉందని చెప్పే కోడ్ అదే, అయితే కారణం ఏమిటో అది చెప్పదు. కొత్త ఓ-రింగును కొద్దిగా డీజిల్‌తో తడిపి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టండి. మూత బిగించిన తర్వాత చేతి పంపు రాయిలా గట్టిపడేదాకా ఒత్తి, అప్పుడే సెల్ఫ్ కొట్టండి.

ప్రశ్న వేసినవారు (హాలియా)

మిర్యాలగూడ నుంచి ఓ-రింగు తెప్పించి నిన్న సాయంత్రం బిగించాం. పాతదాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తే ఒక పక్క గోరుతో గిల్లినట్టు బియ్యపు గింజంత ముక్క లేచిపోయి ఉంది. బహుశా పోయిన నెల మూత బిగించేటప్పుడు గాడి అంచుకు చిక్కి నలిగి ఉంటుంది. పాతికసార్లు ఒత్తేసరికి పంపు గట్టిపడింది. మొదటిసారి సెల్ఫ్‌కు రైల్ ప్రెషర్ 180 దాకా ఎక్కి ఆగింది, రెండోసారి ఇంజిన్ తడబడుతూ అందుకుని, కాసేపు దగ్గి, ఆ తర్వాత సర్దుకుంది. ఐడిల్‌లో ఇప్పుడు 290 బార్లు చూపిస్తోంది. రాత్రి కావాలనే ర్యాంపు మీదే నిలిపాను. పొద్దున ఒక్కసారికే స్టార్ట్ అయింది. ఇంజెక్టర్ల రిటర్న్ పరీక్ష కూడా చేయించనా?

సమాధానం (జడ్చర్ల)

ఇప్పుడు అవసరం లేదు. కోతలు అయిపోయాక, ఎప్పుడైనా బండిని ఇటు తెచ్చినప్పుడు నాలుగు రిటర్న్ ముక్కులకూ నాలుగు సీసాలు తగిలించి చూద్దాం. ఏ సీసా మిగతావాటికంటే ముందు నిండితే ఆ ఇంజెక్టర్ ఒక్కదాన్నే పంపితే సరిపోతుంది, నాలుగూ పంపనక్కరలేదు. స్కానర్‌లో ఆ కోడ్ చెరిపేసి, వారం తర్వాత మళ్లీ వచ్చిందో లేదో చూసి ఇక్కడ రాయండి.