దసరా సెలవుల్లో కెన్యా సఫారీ: పెద్దావిడతో, పదేళ్ల అబ్బాయితో వెళ్లడానికి ఏ ప్రాంతాలు ఎంచుకోవాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే దసరా సెలవుల్లో కెన్యా వెళ్లి అక్కడి వన్యప్రాణులను చూడాలని అనుకుంటున్నాం. మేమిద్దరం, మా పదేళ్ల అబ్బాయి, అరవై ఆరేళ్ల మా అత్తగారు కలిసి నలుగురం. వైల్డ్‌బీస్ట్ (జింకల కుటుంబానికి చెందిన పెద్ద జంతువు) మందలు నది దాటడం చూడాలని అబ్బాయి కోరిక. అత్తగారికి ఏనుగులంటే ప్రాణం. ఏజెంటు పంపిన ప్రణాళికలో వారం రోజుల్లోనే అంబోసెలి, నైవాషా, నకూరు, మసాయి మారా, ఆపైన టాంజానియాలోని సెరెంగెటి కూడా ఉన్నాయి. ఇది సాధ్యమేనా, లేకపోతే వేటిని వదులుకోవాలి? వేసవి సెలవులకు మార్చుకుంటే ఖర్చు బాగా తగ్గుతుందని ఆయన అంటున్నారు, అది మంచి ఆలోచనేనా? అత్తగారికి బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. ఆవిడ పూర్తి శాకాహారి. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (నైరోబిలో ఉంటున్నవారు)

వేసవికి మార్చుకోకండి. మన బడుల సెలవులనూ అక్కడి వానల కాలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మసాయి మారాకు కుదిరేది దసరా ఒక్కటే. పది లక్షలకు పైబడిన వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు జీబ్రాలు పచ్చగడ్డిని వెతుక్కుంటూ సెరెంగెటి, మారా మైదానాల మధ్య ఏడాది పొడవునా తిరుగుతూనే ఉంటాయి. అవి మారా నది పరిసరాల్లో ఉండేది సాధారణంగా జూలై నుంచి అక్టోబరు వరకే. ఏప్రిల్, మే నెలల్లో కెన్యాలో పెద్ద వానలు పడతాయి, మందలు ఇంకా టాంజానియాలోనే ఉంటాయి, మారాలోని నల్లరేగడి బాటల్లో బండ్లు కూరుకుపోతాయి. ధరలు తగ్గేది అందుకే. అయితే దసరా కూడా అక్టోబరు మధ్య దాటి వచ్చే ఏడాదిలో మందలు దక్షిణానికి తిరుగుముఖం పట్టి ఉండవచ్చు కనుక, సెలవుల మొదటి రోజుల్లోనే బయలుదేరడం మేలు.

ఇక ఆ ప్రణాళికలో సగం సమయం బండిలోనే గడిచిపోతుంది. నైరోబి నుంచి మారాకు రోడ్డు మీద ఐదారు గంటలు, అంబోసెలికి నాలుగైదు గంటలు పడుతుంది. రెండూ నగరానికి చెరో దిక్కున ఉన్నాయి కాబట్టి ఒకచోటి నుంచి మరోచోటికి చేరేసరికి ఒక పగలంతా అయిపోతుంది. సెరెంగెటి మారాను ఆనుకునే ఉన్నా, రోడ్డున వెళ్లేవారు చుట్టూ తిరిగి ఇసెబానియా వద్ద సరిహద్దు దాటాలి. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా స్థానంలో ఈటీఏ (ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) వచ్చింది, టాంజానియాకు మాత్రం వీసా వేరుగా తీసుకోవాలి. అందువల్ల సెరెంగెటి, నకూరు, నైవాషా మూడింటినీ వదిలేసి, అంబోసెలిలో రెండు రాత్రులు, మారాలో నాలుగు రాత్రులు ఉండండి. అంబోసెలి 392 చదరపు కిలోమీటర్ల చిన్న పార్కు; అక్కడి ఏనుగుల కుటుంబాలను పరిశోధకులు 1972 నుంచి తరతరాలుగా గమనిస్తూనే ఉన్నారు. బండ్లకు బాగా అలవాటుపడిన ఆ ఏనుగులు పిల్లలతో సహా దగ్గరలోనే మేస్తూ ఉంటే, మబ్బు లేని తెల్లవారుజామున వాటి వెనుక 5,895 మీటర్ల కిలిమంజారో కనిపిస్తుంది. మీ అత్తగారికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచడం లేదు.

సమాధానం (హైదరాబాద్, వైద్యురాలు)

టికెట్లు కొనడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, అక్కడి నుంచి తిరిగి వచ్చేవారి వద్ద టీకా ధ్రువపత్రం లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. వేసుకున్న పదో రోజు నుంచి పత్రం చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనికొస్తుంది.

అరవై దాటినవారికి ఈ టీకా వల్ల తీవ్రమైన దుష్ఫలితాలు అరుదుగానే అయినా, చిన్నవారికన్నా ఎక్కువగా వచ్చే అవకాశం ఉంది. బీపీ ఒక్కటే అడ్డంకి కాదు. గుడ్డు అలర్జీ, థైమస్ గ్రంథి జబ్బు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఉన్నాయేమో చూసి వైద్యులే నిర్ణయించాలి. వారు వద్దంటే దయచేసి పట్టుబట్టకండి. అప్పుడు దక్షిణాఫ్రికాను ఆలోచించండి, ఎందుకంటే అది ఈ జాబితాలో లేదు. క్రూగర్ పార్కులో తారు రోడ్ల మీద కుదుపులు లేకుండా తిరగవచ్చు, మడిక్వే, పిలానెస్‌బర్గ్ వంటి చోట్ల మలేరియా బెడద కూడా ఉండదు. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ జాబితాలోని దేశాల్లో ఉన్న నైరోబి, అడిస్ అబాబాల మీదుగా కాకుండా గల్ఫ్ నగరాల మీదుగా ప్రయాణిస్తే టీకా చిక్కు రాదు. కెన్యాకే వెళ్తే మాత్రం నలుగురికీ మలేరియా నివారణ మాత్రలు వైద్యుల సలహాతో మొదలుపెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు అత్తగారిని వైద్యుల వద్దకు తీసుకెళ్తాం. ఆవిడకు టీకా వేయవచ్చంటే అంబోసెలి, మారాలనే ఖాయం చేసుకుంటాం. మారాలో బస, రుసుములు, వాహనం విషయంలో ఏం చూసుకోవాలో కూడా ఎవరైనా చెప్పగలరా?

సమాధానం (విజయవాడ నుంచి)

మారా ప్రవేశ రుసుమే పెద్ద ఖర్చు. విదేశీ పెద్దవారికి జనవరి నుంచి జూన్ వరకు రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. ఏజెంటు చెప్పిన మొత్తంలో అది కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. నాలుగు రాత్రుల్లో రెండింటిని మారా రిజర్వు పక్కనే ఉన్న నబోయిషో, ఓలారే మోటొరోగి వంటి కన్సర్వెన్సీలలో గడపమని నా సలహా. అవి స్థానిక మసాయి తెగ కుటుంబాల భూములు; క్యాంపుల వారు కౌలు చెల్లిస్తారు, బండ్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది, రిజర్వులో వీలుకాని రాత్రి సఫారీ అక్కడ దొరుకుతుంది. బస ధర ఎక్కువే అయినా, ఒక సింహం చుట్టూ ఇరవై బండ్లు మూగే ఇబ్బంది ఉండదు, మీరిచ్చిన డబ్బులో కొంత ఆ నేల సొంతదారులకు చేరుతుంది.

వ్యాన్ వద్దు, పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్‌ను మీ నలుగురికే మాట్లాడుకోండి. అత్తగారి నడుముకు ఆ రోడ్డు భారమనిపిస్తే నైరోబిలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానాలు వెళ్తాయి. వాటిలో సాధారణంగా మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లోనే. భోజనానికి దిగులు లేదు: గుజరాతీలు తరతరాలుగా స్థిరపడిన దేశం కాబట్టి పప్పు, చపాతీ అక్కడివారికి కొత్త కాదు, ముందే చెబితే క్యాంపుల్లో వండిపెడతారు. పొడులు, పచ్చళ్లు మాత్రం ప్లాస్టిక్ కవర్లలో కట్టుకోకండి. 2017 నుంచి అక్కడ ప్లాస్టిక్ సంచులు నిషేధం.

నది దాటే దృశ్యం గురించి అబ్బాయికి ముందే నచ్చజెప్పండి. మందలు ఒడ్డున గంటల తరబడి నిలబడి వెనక్కి మళ్లిపోవచ్చు. అవి దిగే దారికి, ఎక్కే దారికి బండ్లు అడ్డం పెడితే తొక్కిసలాటలో దూడలు చనిపోతాయి. పగలు వేటాడే చీతాల చుట్టూ బండ్లు చేరినా వాటి వేట చెడి, పిల్లలు ఆకలితో ఉండిపోతాయి. మనం దూరంగా ఆగితే చాలని మొదటి రోజే డ్రైవరుకు స్పష్టంగా చెప్పండి. పర్యాటకులు తొందరపెట్టకపోతే వారిలో చాలామంది సంతోషంగా దూరంగానే ఆపుతారు.