తాతగారి పెట్టెలో డ్రాగన్ నాణెం: ఇది నమూనా నాణెమేనా?

ప్రశ్న:
మా తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసి యుద్ధం రోజుల్లో తిరిగొచ్చారు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక చైనా వెండి నాణెం దొరికింది. ఒక వైపు డ్రాగన్, దాని కింద ‘వన్ డాలర్’ అని ఇంగ్లిష్‌లో ఉంది. రెండో వైపున్న చైనా అక్షరాలు యాప్‌లో పెడితే చైనా ఆఖరి చక్రవర్తి షువాన్‌టోంగ్ ఏలుబడిలో 3వ ఏడు, అంటే 1911 అని వచ్చింది. ఆ ఏటి నమూనా నాణేలకు, అంటే వాడకంలోకి వదిలే ముందు డిజైన్ చూసుకోడానికి కొట్టినవాటికి, చాలా పెద్ద ధర పలుకుతుందని చదివి రాత్రంతా నిద్రలేదు. ఎలా తేల్చుకోవాలి? పండక్కి చింతపండుతో తోముతానంటే అమ్మని ఆపాను.

జవాబు 1:
ఆపి మంచి పని చేశారు, గుడ్డతో కూడా రుద్దకండి. ముందు బంగారు కొట్లో తూకం వేయించండి, 26.9 గ్రాముల దగ్గర రావాలి. అప్పట్లో చైనాలో వెండిని టేల్ లెక్కన తూచేవారు, సర్కారు ఖజానా వాడే కూపింగ్ టేల్ ఒకటి సుమారు 37.3 గ్రాములు, మన లెక్కలో మూడు తులాల పైమాటే. రేవు పట్టణాల్లో మాత్రం 27 గ్రాముల మెక్సికో డాలరుకి జనం అలవాటు పడిపోయారు. దేశం మొత్తానికి ఏది పెట్టాలో అప్పట్లో చైనాని ఏలిన చింగ్ వంశపు సర్కారుకి ఏళ్ల తరబడి తేలలేదు. 1903లో టేల్ నమూనాలు కొట్టించారు, 1906లో మళ్లీ. చివరికి 1910లో 0.72 టేల్ బరువున్న డాలరుకే మొగ్గారు, 90 శాతం వెండితో. వాడకంలోకి రాకుండా ఆగిపోయిన ఆ టేల్ నాణేలంటే నాకు ప్రాణం.

జవాబు 2:
తూకం సరిపోయినా అది నమూనా అని చెప్పలేం, డ్రాగన్ మీసాలు చూడాలి. ఈ డిజైన్ చెక్కింది తియాన్‌జిన్ టంకశాలలో పనిచేసిన ఇటలీవాడు లుయిజి జార్జి. పొడుగు మీసాలు, పొట్టి మీసాలు, తిరగేసిన డ్రాగన్, ఇలా రకరకాలుగా చెక్కి చూపించాడు, అవన్నీ నమూనాలే. మీసాలు మెలితిరిగి ఉంటే మాత్రం బజారులోకి వదిలిన మామూలు రకం. అంచు కూడా భూతద్దంతో చూడండి, చుట్టూ అతుకు గీత కనిపిస్తే పోతపోసిన నకిలీ.

ప్రశ్న అడిగినవారు:
26.8 వచ్చింది. అతుకు లేదు. మీసాలు మెలితిరిగే ఉన్నాయి. డ్రాగన్ తోక దగ్గర గురిగింజంత అక్షరం ఒకటి లోపలికి దిగి ఉంది, అదేంటి?

జవాబు 1:
అది షరాబు ముద్ర అయ్యుంటుంది. వెండి మంచిదేనని చూసుకుని వర్తకులు అలా గుద్దేవారు. అంటే మీ నాణెం బజారులో చేతులు మారిందన్నమాట, నమూనా అయ్యే అవకాశం దాదాపు లేదు. అయినా ఫోటో పెట్టండి, ఆ అక్షరం చూడాలని ఉంది.