వెనుక పడకగదిలో ఐదడుగులు తగ్గించుకుని రెండో బాత్‌రూమ్ కట్టుకోవచ్చా?

ప్రశ్న: అనంతపురం గృహస్థు

అందరికీ నమస్కారం. అనంతపురంలో మూడు సెంట్ల స్థలంలో తూర్పు ముఖంగా కట్టిన మిద్దె మాది. హాలు, వంటగది, రెండు పడకగదులు ఉన్నాయి. బాత్‌రూమ్ మాత్రం ఒక్కటే, అది కూడా ఇంటి లోపల లేదు. హాలు నుంచి వెనుక తలుపుకు పోయే నడవా దాటి, రెండు మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళాలి. స్నానానికైనా మరుగుదొడ్డికైనా ఆరడుగులకు ఎనిమిదడుగుల ఆ ఒక్క గదే ఆధారం. ఇంట్లో అమ్మ, నాన్నగారు, నేను, నా భార్య, ఇంటర్ చదివే మా అమ్మాయి ఉంటాము. ఉదయం పూట ఒకరు లోపలికి వెళితే మిగిలినవారు బయట కాచుకోవలసిందే.

అంతకంటే పెద్ద బాధ రాత్రిళ్లు. నాన్నగారికి షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి. రాత్రి రెండు మూడుసార్లు లేవక తప్పదు. ఒక చేత్తో గోడ పట్టుకుని, మెట్టు అంచు ఎక్కడుందో పాదంతో తడుముకుంటూ ఆయన దిగుతూ ఉంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

అమ్మానాన్నలు పడుకునే వెనుక పడకగది వాయవ్య మూలన ఉంది. తూర్పు పడమరలు 15 అడుగులు, ఉత్తర దక్షిణాలు 12 అడుగులు. పడమటి గోడ వైపు ఐదడుగులు వదిలి అడ్డగోడ కడితే అటాచ్డ్ బాత్‌రూమ్ వస్తుందని మేస్త్రి చెబుతున్నాడు. నా భార్యకు ఇది ఇష్టం లేదు. మంచం, బీరువా, అమ్మాయి పుస్తకాల బల్ల ఆ గదిలోనే ఉన్నాయి, పండుగకు చుట్టాలు వస్తే పరుపులు పరిచేదీ అక్కడే, ఆ గది కురచైతే ఇల్లంతా ఇరుకవుతుందని ఆమె అంటోంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: కర్నూలు గృహిణి

అన్నా, వదినగారి మాటను దయచేసి తేలికగా తీసుకోవద్దు. గది ఒకసారి చిన్నదైతే మళ్లీ పెద్దది కాదు. మా బంధువుల ఇంట్లో ఇలాగే పడకగదిలో అడ్డగోడ పెట్టారు. గాలి వచ్చే కిటికీ కాస్తా బాత్‌రూమ్‌లోకి పోయింది, ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో ఆ గదిలో పడుకోవడం ఎవరి వల్లా కావడం లేదు. మన ఎండలు మీకు చెప్పనక్కరలేదు.

ఉదయం పూట ఇబ్బంది బాత్‌రూమ్ ఒక్కటే కావడం వల్లనే వస్తోందని అనుకోకండి. స్నానమూ మరుగుదొడ్డీ ఒకే తలుపు వెనుక ఉండడమే అసలు చిక్కు. పెరట్లో ఉన్న ఆరూ ఎనిమిది గదిలో నడుమ ఒక గోడ కట్టించి, మూడడుగుల వెడల్పున మరుగుదొడ్డి, మిగిలిన నాలుగున్నర అడుగుల్లో స్నానాల గది చేసుకుంటే, రెండు తలుపులు పెట్టుకుంటే, ఇద్దరు ఒకేసారి వెళ్లి రావచ్చు. దీనికయ్యే ఖర్చు కూడా తక్కువ. నాన్నగారి కోసం ఆ రెండు మెట్లు తీసేసి, నడవా మట్టం నుంచి బాత్‌రూమ్ గడప వరకు ఎత్తుచేసి, పైన రేకులు వేయిస్తే సరిపోతుందేమో ఆలోచించండి.

జవాబు: కడప సైటు ఇంజనీరు

కర్నూలు అమ్మగారు చెప్పిన విభజన చాలా మంచిది, అది ఎలాగూ చేయించండి. కానీ అర్ధరాత్రి వెనుక తలుపు గడియ తీసి, పురుగూ పుట్రా తిరిగే పెరట్లోకి పెద్దాయన వెళ్లవలసిన అవసరం దానితో తీరదు. రేకుల కింద ఎంత ఎత్తు చేసినా అది ఇంటి బయటే కదా. అందువల్ల లోపల ఒకటి ఉండాలనే నేను అంటాను. అయితే మేస్త్రి చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు.

ఆయన అడుగుతున్నది గది వెడల్పు మొత్తానికి ఐదడుగులు, అంటే 60 చదరపు అడుగులు. స్నానమూ కమోడ్‌ కలిసి ఉన్న బాత్‌రూమ్‌కు జాతీయ భవన నియమావళి చెప్పే కనీస వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, అంటే సుమారు 30 చదరపు అడుగులు మాత్రమే. కాబట్టి నైరుతి మూలన, నడవా గోడను ఆనుకుని, ఐదడుగులకు ఏడున్నర అడుగులు తీసుకోండి, పెద్దవారికి అది చాలు. దానికి ఉత్తరంగా, నాలుగున్నర అంగుళాల గోడ పోగా, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు ఉన్న గూడు లాంటి జాగా పడకగదిలోనే మిగులుతుంది. మూడడుగుల బీరువా అందులో చక్కగా కూర్చుంటుంది. మిగిలిన గది 12 అడుగులకు తొమ్మిదిన్నర పైన ఉంటుంది. ఆరడుగుల మంచం వేసినా, దాని పక్కన బల్లకూ మనిషి నడవడానికీ చోటు ఉంటుంది. నివాసపు గదికి అదే నియమావళి చెప్పే 9.5 చదరపు మీటర్ల కంటే ఇది ఎక్కువే.

తలుపును పడకగదిలోకి కాకుండా నడవాలోకి పెట్టండి. అటాచ్డ్ బాత్‌రూమ్ ఆ గదిలో పడుకునేవారికే దక్కుతుంది. ఉదయం అమ్మాయి వెళ్లాలంటే తాతగారి నిద్ర చెడగొట్టాలి, చుట్టాలు వస్తే మొహమాటపడాలి. నడవా వైపు తలుపు ఉంటే అది అందరిదీ అవుతుంది, పడకగదిలోకి తడి కాళ్లూ వాసనా రావు, మంచం దిగిన నాన్నగారికి కూడా పెద్ద దూరం ఉండదు.

ఇక పరుపుల సంగతి. బాత్‌రూమ్ మీద ఏడున్నర అడుగుల ఎత్తులో చిన్న స్లాబు వేసి, పైభాగాన్ని పడకగది వైపు తెరిచి ఉంచితే అటక అవుతుంది. చుట్టాల పరుపులు, దుప్పట్లు, సంవత్సరానికి ఒకసారి దించే సామానూ అక్కడికి పోతాయి. మరో లాభం కూడా ఉంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు కాగే పడమటి గోడకూ పడకకూ నడుమ బాత్‌రూమ్ అడ్డుగా ఉంటుంది కనుక గదిలో వేడి కొంత తగ్గుతుంది.

తిరిగి: అనంతపురం గృహస్థు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, మంచం జరిపి చూశాము. బీరువా గూట్లో పట్టడం, ఉత్తరపు కిటికీ పడకగదికే మిగలడం చూశాక నా భార్యకు చాలావరకు సందేహం తీరింది. తలుపు నడవా వైపు అన్న మాట ఆమెకు అన్నిటికంటే నచ్చింది. అయితే కొత్త బాత్‌రూమ్ నేలను అడుగు ఎత్తు లేపితే తప్ప పైపుకు నీరు పారే వాటం రాదని మేస్త్రి అంటున్నాడు. అడుగు ఎత్తంటే మళ్లీ మెట్టు వచ్చినట్టే కదా?

జవాబు: కడప సైటు ఇంజనీరు

పై అంతస్తులో అయితే ఆయన మాట నిజమే, అక్కడ స్లాబును ముందే కిందికి దించి పోయకపోతే నేల లేపక తప్పదు. మీది నేల మీద ఉన్న గది. బండలు లేపితే కింద ఉన్నది నింపుడు మట్టే, ఎనిమిది అంగుళాలు తవ్వి పైపులు వేయవచ్చు. పి ట్రాప్ కమోడ్ తీసుకుంటే దాని పైపు నేలలోకి కాక నేరుగా పడమటి గోడలోంచి బయటికి పోతుంది. నాలుగంగుళాల పైపుకు ప్రతి పదడుగులకు రెండు నుంచి మూడు అంగుళాల వాటం చాలు. మీ పెరడు ఇంటి నేల కంటే రెండు మెట్లు కిందే ఉంది కాబట్టి వాటానికి కొదవ ఉండదు. కానీ పని మొదలుపెట్టే ముందు సెప్టిక్ ట్యాంకులోకి నీరు చేరే పైపు ఎంత లోతున ఉందో మూత తీయించి కొలవండి. ఈ ఒక్క కొలత తేలకుండా గోడ పగలగొట్టనివ్వవద్దు.

పడమటి గోడకు వెంటిలేటర్, ఎగ్జాస్ట్ ఫ్యాను రెండూ పెట్టించండి. ఫ్లష్ ట్యాంకు మూడు, ఆరు లీటర్ల రెండు మీటలది తీసుకోండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో ప్రతిసారీ పది లీటర్లు వదలడం న్యాయం కాదు.

జవాబు: ప్రొద్దుటూరు విశ్రాంత నర్సు

గదుల కొలతలు ఇంజనీరుగారు చూసుకున్నారు, నేను నాన్నగారి గురించి చెబుతాను. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపలికి తెరుచుకునే తలుపైతే, ఆయన ఎప్పుడైనా కళ్లు తిరిగి పడినప్పుడు మనిషే తలుపుకు అడ్డమవుతాడు, బయటివారు తోయలేరు. గడియ బయటి నుంచి కూడా తీయగలిగినదై ఉండాలి. తలుపు వెడల్పు వీలైతే మూడడుగులు పెట్టండి, రేపు చక్రాల కుర్చీ అవసరం పడినా పడుతుంది. నేలకు నునుపు టైల్స్ వద్దు, పాలిష్ పెట్టని తాడిపత్రి బండ వేస్తే తడిలోనూ కాలు పట్టు దొరుకుతుంది.

షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, వేడి నీళ్లు కాలిమీద పడినా వెంటనే తెలియదు. గీజరు కుళాయి ఆయన కూర్చునే స్టూలుకు దూరంగా పెట్టించి, బకెట్లో చన్నీళ్లు కలిపి మీ చేత్తో చూశాకే ఇవ్వండి. కమోడ్ పక్కన గోడకు స్టీలు కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలో మేస్త్రిని అడగవద్దు. నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో చూసి, గోడ మీద అక్కడే గుర్తు పెట్టండి.